యుకులేలేకి మెత్తటి బ్యాగా, గట్టి పెట్టా?

పోయిన నెల యుకులేలే (గిటారు లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం) తీగలు ఎప్పుడు మార్చాలో రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం మంది తీగల సంగతి వదిలేసి బ్యాగుల సంగతి అడిగారు. సరే, ఈసారి మొత్తం అదే. గిటారు, యుకులేలే నేర్పుతూ, మధ్యమధ్య విరిగినవి అతికిస్తూ బెజవాడలో పదిహేనేళ్ళుగా కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా దెబ్బతిన్నవే కాబట్టి నా మాటల్లో భయం కాస్త ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, మాది కాకినాడ. డిగ్రీకి హైదరాబాద్ వెళ్ళి హాస్టల్లో చేరుతున్నాను. నాది 23 అంగుళాల కాన్సర్ట్ (మధ్యరకం సైజు) యుకులేలే, మూడు వేలు పెట్టి కొన్నాం. దాంతో వచ్చిన బ్యాగు గుడ్డసంచిలా పల్చగా ఉంది. హార్డ్ కేసు కొంటేనే తీసుకెళ్ళు, లేకపోతే ఇంట్లోనే ఉంచు అంటున్నారు నాన్న. కేసేమో వాయిద్యం కంటే ఎక్కువ రేటు చెబుతున్నారు. ఏం చెయ్యమంటారు? – డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

మీ నాన్నగారి భయం సబబే తల్లీ, మందు మాత్రం వేరే. మూడు వేల వాయిద్యానికి నాలుగు వేల పెట్టె ఎందుకు అని నేను అనను, ఎందుకంటే రేటుని బట్టి పెట్టె కొనడం అనేదే నాకు నచ్చని లెక్క. నేను అడిగేది ఒకటే. ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి హాస్టల్ గది చేరేదాకా అది నీ చేతిలోంచి ఎన్నిసార్లు పక్కవాళ్ళ చేతికి వెళ్తుంది? గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, దాన్ని భుజానికి తగిలించుకుని, పైబెర్తు మీద తలవైపు పెట్టుకుని పడుకుని, పొద్దున్న దిగి ఆటో ఎక్కేటప్పుడు ఒళ్ళో పెట్టుకుంటే, ఆ రాత్రంతా దాన్ని ముట్టుకున్నది నువ్వొక్కదానివే. అలాంటప్పుడు మందంగా ఫోమ్ ఉన్న మెత్తటి బ్యాగు చాలు. అదే ఏ కాలేజీ ఫెస్ట్‌కో వెళ్తూ బస్సు డిక్కీలో సూట్‌కేసుల కింద వేశావనుకో, అప్పుడు అది నీ చేతుల్లో లేదు, క్లీనర్ కుర్రాడి చేతుల్లో ఉంది. అక్కడ గట్టి పెట్టె కావాలి. నిన్ను వదిలి వెళ్ళే వాయిద్యానికి పెట్టె, నిన్ను అంటిపెట్టుకుని ఉండేదానికి బ్యాగు. ఇంతకంటే పెద్ద శాస్త్రం ఏమీ లేదు దీంట్లో.

కాకపోతే దాంతో వచ్చిన ఆ పల్చటి సంచిని బ్యాగు అనకు. అది దుమ్ము పడకుండా కప్పే తొడుగు, అంతే. షాపుకి వెళ్ళినప్పుడు బ్యాగు గోడని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడు, ఒక వేలికి రెండో వేలు తగులుతున్నట్టు తెలిస్తే అక్కడే పెట్టెయ్. 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఫోమ్ ఉన్నది తీసుకో. జిప్పు లోపలివైపు ఒక గుడ్డ పట్టీ ఉందో లేదో చూడు, అది లేకపోతే వాయిద్యం పెట్టి తీసినప్పుడల్లా జిప్పు పళ్ళు పక్కచెక్కని గీకుతాయి. రెండు భుజాలకీ పట్టీలు ఉండాలి, కుట్టు దగ్గర గట్టిగా లాగి చూడాలి, షాపువాడు మొహం మాడ్చుకున్నా సరే. బ్యాగు అడుగున, అంటే నిలబెట్టినప్పుడు నేలకి ఆనే చోట, ఫోమ్ ఇంకా మందంగానో రబ్బరు ముక్కతోనో ఉంటే మరీ మంచిది, ఎందుకంటే అందరం దాన్ని తెచ్చి దబ్బున నేలమీద నిలబెడతాం.

ఇక ముందు జేబు గురించి. అందులో పుస్తకం, శ్రుతి చూసుకునే క్లిప్ ట్యూనర్, ఒక్కోసారి మంచినీళ్ళ సీసా, మొన్న ఒకబ్బాయి అయితే టిఫిన్ బాక్సు కూడా పెట్టుకొచ్చాడు. ఆ జేబు సరిగ్గా యుకులేలే పైచెక్క మీద ఉంటుంది. ఆ చెక్క మందం రెండు మిల్లీమీటర్లు, మహా అయితే ఇంకో పిసరు. బ్యాగుని వెల్లకిలా పెట్టి ఎవరైనా ఆనుకుంటే ఫోమ్ అటుంచి టిఫిన్ బాక్సు మూల నేరుగా బ్రిడ్జి (పైచెక్క మీద తీగల్ని పట్టి ఉంచే చెక్క ముక్క) మీదికి దిగుతుంది. తీగల ప్యాకెట్టు, కాగితాలు పెట్టుకో, అంతకంటే గట్టివి వద్దు.

యుకులేలేలు ఎక్కువగా ఎక్కడ విరుగుతాయో కూడా చెప్తాను, మీ నాన్నగారికి చదివి వినిపించు. పొట్ట దగ్గర కాదు. మెడ అయిపోయి తల మొదలయ్యే చోట. అక్కడ తల కాస్త వెనక్కి వాలి ఉంటుంది, చెక్క నార అడ్డంగా తెగి ఉంటుంది, పైగా తల చివర శ్రుతి చేసే నాలుగు మరల బరువు. వెల్లకిలా పడితే పొట్ట ముందు ఆగుతుంది, తల ఆగదు, కొరడాలా విదులుతుంది. ఇది గట్టి పెట్టెలో ఉన్నా జరుగుతుంది! పెట్టె మీద గీత కూడా పడదు, మూత తీస్తే తల వేలాడుతూ ఉంటుంది. అందుకే బ్యాగైనా పెట్టైనా వాయిద్యాన్ని లోపల పెట్టి చూసినప్పుడు మెడ కింద ఆధారం ఉండాలి, తల వెనకభాగం దేనికీ తగలకుండా గాలిలో ఉండాలి. మూసి, మెల్లగా అటూ ఇటూ ఊపి విను. లోపల దబదబమంటే అది నీ యుకులేలేకి కుట్టిన చొక్కా కాదు. ఖాళీ కొంచెమే అయితే పాత నూలు చీర ముక్కని చుట్టి మెడ కింద పెట్టు. తీగల మీద పెట్టి మూత నొక్కకు.

గట్టి పెట్టె అనగానే అందరికీ ఒక ధీమా వచ్చేస్తుంది, నా అనుభవం ఒకటి చెప్తాను, నాకు ఇప్పటికీ సిగ్గే. ఒక పెళ్ళి రిసెప్షన్‌లో వాయించి, నా టెనర్ (కాన్సర్ట్ కంటే కాస్త పెద్దది) యుకులేలేని పెట్టెలో పెట్టి మూత వేశాను, గొళ్ళేలు పెట్టలేదు, భోజనాలకి పిలుస్తున్నారు కదా అని అలాగే వదిలేశాను. తిరిగొచ్చేసరికి పెళ్ళివారి పిల్లవాడు, పాపం సాయం చేద్దామనే, పిడి పట్టుకుని లేపాడు. మూత తెరుచుకుంది, వాయిద్యం గ్రానైటు మీద పడింది. తల సగం చీలింది. వాణ్ణి ఏమంటాం? గొళ్ళెం పెట్టనిది నేను. అదే జిప్పు బ్యాగైతే సగం జిప్పు వేసినా అంత ఘోరం జరిగేది కాదేమో. అప్పటి నుంచి నాకొక అలవాటు, మూత వేస్తే నీళ్ళు తాగడానికి వెళ్తున్నా సరే గొళ్ళేలన్నీ పెట్టాల్సిందే.

హాస్టల్లో అసలు ప్రమాదం రూమ్మేటు. మంచం మీద దుప్పటి కింద బ్యాగు ఉందని తెలియక దబ్బున కూర్చుంటుంది. గోడ మేకుకి తగిలించుకో, వార్డెన్ మేకు కొట్టనివ్వకపోతే అలమర పైన పెట్టుకో. మీ నాన్నగారు మరీ ఒప్పుకోకపోతే మధ్యదారి ఒకటుంది, ఫోమ్ కేసు అంటారు, పైన గుడ్డ, లోపల థర్మోకోల్ లాంటి గట్టి అచ్చు, భుజానికి పట్టీలు. కిలో అటూఇటూ బరువుంటుంది, ప్లైవుడ్ పెట్టె అయితే దానికి రెట్టింపు. యుకులేలే మొత్తం బరువే అరకిలో దాకా ఉంటుంది, దానికి రెండు కిలోల పెట్టె మోస్తూ స్టేషన్లో మెట్లెక్కుతుంటే నీకే నవ్వొస్తుంది.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్ళు. వారానికి రెండుసార్లు స్కూటీ మీద క్లాసుకి తీసుకెళ్తాను. వాడి చేతిలో ఏదీ నిలవదు, గట్టి పెట్టె అయితే సేఫ్ అనిపిస్తోంది. కానీ ముందు కాళ్ళ దగ్గర పెడితే కాళ్ళు పట్టడం లేదు. – గృహిణి, నిజామాబాద్

అమ్మా, స్కూటీకి గట్టి పెట్టె వద్దు. కాళ్ళ దగ్గర అడ్డంగా పెడితే మీ పాదం బయటికి వస్తుంది, మలుపులో అది జారితే మీరు దాన్ని పట్టుకోబోతారు, వాయిద్యం కోసం మనిషి పడకూడదు. బాబు చేత పట్టిస్తే పిడి పట్టుకుని పక్కకి వేలాడేస్తాడు, పక్కన వెళ్ళే ఆటోకి తగులుతుంది. మందమైన బ్యాగు కొనండి, మీ వీపుకి తగిలించుకుంటే వెనక కూర్చున్న బాబుకీ మీకూ మధ్య నలుగుతుంది కాబట్టి బ్యాగు వాడి వీపుకే తగిలించి, వాణ్ణి మీ నడుము పట్టుకోమనండి. చిన్నదైన సొప్రానో సైజు 21 అంగుళాలే, ఎనిమిదేళ్ళ పిల్లవాడి వీపుకి సరిపోతుంది.

వానాకాలం సంగతి ఒక్కటి. బ్యాగుల మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటుంది, గుడ్డ వరకు నిజమే కావచ్చు, జిప్పులోంచి నీళ్ళు దిగుతాయి. బట్టల షాపువాళ్ళిచ్చే పెద్ద కవరు ఒకటి మడిచి ముందు జేబులో పెట్టుకోండి. తడిసిందంటే ఇంటికి రాగానే వాయిద్యం బయటికి తీసి మెత్తటి గుడ్డతో తుడవండి, బ్యాగుని తిరగేసి ఫ్యాను కింద ఆరెయ్యండి. ఫోమ్ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల రెండు రోజులు చెమ్మ నిలుస్తుంది.

ఎలుకలు ఉన్న ఇల్లు అయితే మాత్రం నా ఓటు గట్టి పెట్టెకే. నవ్వకండి, నిజంగానే. ఫోమ్ బ్యాగు ఎలుకకి పరుపుతో సహా కట్టించి ఇచ్చిన ఇల్లు.

ప్రశ్న: అన్నయ్య అమెరికా నుంచి వస్తూ కోవా చెక్క టెనర్ యుకులేలే తెచ్చాడు, పెట్టెతో సహా. ఉండేది విశాఖ, బీచికి దగ్గరే. ఆరు నెలల్లో పెట్టె లోపలి మఖమల్ మీద తెల్లగా బూజు వచ్చింది. కలరా ఉండలు వేస్తే పోతుందా? – బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

కలరా ఉండలు వెంటనే తీసెయ్యండి. ఆ వాసన చెక్కకి, మఖమల్‌కి పట్టేసి ఏళ్ళ తరబడి వదలదు, పురుగుని తరుముతుందేమో గానీ చెమ్మని పీల్చుకోదు. మీ సమస్య చెమ్మ. బియ్యం మూట కట్టి పెట్టమని ఎవరైనా చెబితే అదీ వద్దు, బియ్యప్పురుగులకి మీరే బస ఏర్పాటు చేసినట్టవుతుంది.

కోవా హవాయి దీవుల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు. మీది నిజంగా అసలు చెక్కతో చేసినదైతే (పొరలు అతికించిన లామినేట్ కాకుండా) గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే సుఖంగా ఉంటుంది. విశాఖలో ఆ అంకె దాటని రోజు అరుదు. గట్టి పెట్టె ఒక మూతపెట్టిన గిన్నె లాంటిది, బయటి మార్పులు లోపలికి నెమ్మదిగా వెళ్తాయి, అది మంచిదే, కానీ చెమ్మగా ఉన్న రోజున మూస్తే ఆ చెమ్మ కూడా లోపలే ఉండిపోతుంది. చెమటపట్టిన చేతులతో వాయించి, తుడవకుండా పెట్టెలో పెట్టి నెల రోజులు మూసి ఉంచితే బూజు రాక ఏం చేస్తుంది?

ఎండ బాగా ఉన్న రోజు పెట్టె తెరిచి, వాయిద్యం తీసేసి, ఖాళీ పెట్టెని రెండు మూడు గంటలు ఎండనివ్వండి, బూజుని బ్రష్షుతో బయట దులపండి. వాయిద్యాన్ని మాత్రం ఎండలో పెట్టకండి. తర్వాత సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, చెప్పుల డబ్బాలో వచ్చే ఆ బుల్లి పొట్లం ఒకటీ అరా కాదు, రంగు మారే రకం యాభై, వంద గ్రాములు గుడ్డసంచిలో పోసి తల వైపు ఉండే ఖాళీలో పెట్టండి, రంగు మారినప్పుడు వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. రెండు మూడు వందల్లో తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది, పెట్టెలో పడేస్తే ఊహలతో పనిలేదు. అన్నిటికంటే ముందు, రోజూ తీసి వాయించండి, గాలి తగిలినంత మందు ఇంకోటి లేదు.

మీరు అడగలేదు గానీ, వేసవిలో కారులో వదలకండి. బయట 42 ఉంటే అద్దాలు మూసిన కారులో 60 దాటడం ఎంతసేపు? ఆ వేడికి బ్రిడ్జిని పట్టుకున్న జిగురు మెత్తబడుతుంది, తీగలు ఎలాగూ లాగుతూనే ఉంటాయి, సాయంత్రానికి బ్రిడ్జి వెనకంచు లేచి కాగితం దూరేంత సందు కనిపిస్తుంది. నల్లరంగు పెట్టె ఇంకా త్వరగా వేడెక్కుతుంది, పెట్టెలోనే ఉంది కదా అనుకుంటే కుదరదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, సంక్రాంతికి గుంటూరు వస్తున్నాను. టెనర్ యుకులేలేని విమానంలో చేతిలో తీసుకురావచ్చా, లగేజీలో వెయ్యాలా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

చేతిలోనే తీసుకురండి, మెత్తటి బ్యాగులో. అమెరికా విమాన సంస్థలకి అక్కడి రవాణా శాఖ 2015 మార్చి నుంచి ఒక నిబంధన పెట్టింది, ఎక్కే సమయానికి పైన అరలోనో సీటు కిందో చోటుంటే చిన్న వాయిద్యాన్ని చేతిసామానుగా అనుమతించాల్సిందే. చోటుంటే అన్న మాట ముఖ్యం, కాబట్టి ముందుగా ఎక్కే వరుసలో ఉండండి. ఆ నిబంధన అమెరికా సంస్థలకే. ఇక్కడికి వచ్చాక దేశంలో తిరిగే విమానాల్లో చేతిసామాను సాధారణంగా 7 కిలోలు, పొడవు 55 సెంటీమీటర్లు అంటారు. టెనర్ 26 అంగుళాలు, అంటే 66 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం కుదరదు, కానీ సన్నగా, తేలిగ్గా ఉన్న బ్యాగుని వీపుకి తగిలించుకుని నవ్వుతూ వెళ్ళేవాళ్ళని కౌంటర్లో సాధారణంగా ఆపరు, అదే 75 సెంటీమీటర్ల పెట్టె పట్టుకుని వెళ్తే ఎవరి కళ్ళైనా దానిమీదే పడతాయి. ముందే సంస్థకి ఫోన్ చేసి అడిగి, వాళ్ళు సరే అన్నది మెయిల్లో తెప్పించుకోండి.

తప్పనిసరిగా లగేజీలో వెయ్యాల్సి వస్తే బ్యాగుతో సహా సూట్‌కేసు నడిమధ్య పెట్టి, చుట్టూ పంచెలు, తువ్వాళ్ళు కుక్కండి, తల వెనక మాత్రం ఖాళీగా ఉంచి మెడ కింద గుడ్డ పెట్టండి. తీగల్ని ఒక రెండు చుట్లు వదులు చెయ్యండి, పూర్తిగా విప్పొద్దు. ఇంకో మాట, చలికాలంలో హీటర్ వేసిన మీ ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది, గుంటూరు వచ్చాక ఒకట్రెండు రోజులు శ్రుతి అటూఇటూ అవుతుంది, కంగారుపడి మరలు తెగ తిప్పకండి.

ప్రశ్న: మా అమ్మగారి వీణకి ఆవిడే గవిసెన (గుడ్డ తొడుగు) కుట్టుకునేవారు. మనవరాలి యుకులేలేకి నేనూ ఒకటి కుట్టిద్దామనుకుంటున్నాను, మనవరాలేమో ఫిడేలుకి పెట్టె ఉంటుంది కదా, దీనికెందుకు లేదు అంటోంది. – విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

గవిసెన అన్న మాట విని ఎన్నాళ్ళైందో మాస్టారూ! బొబ్బిలి నుంచి రావడం ఇంకా బాగుంది. తప్పకుండా కుట్టించండి.

మనవరాలి ప్రశ్నకి జవాబుంది. ఫిడేలు బ్రిడ్జిని అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడి ఉంటుంది, లోపల చిన్న కర్రపుల్ల లాంటిది కూడా అలాగే బిగుతుతో నిలుస్తుంది. పక్కనుంచి ఒక్క దెబ్బ తగిలితే బ్రిడ్జి పడిపోతుంది, పుల్ల జారుతుంది, వాయిద్యం మూగబోతుంది. అందుకే దాన్ని గట్టి పెట్టె లేకుండా బయటికి తియ్యరు. యుకులేలే బ్రిడ్జి పైచెక్కకి జిగురుతో అతికి ఉంటుంది, కాబట్టి దీనికి మెత్తటి కాపు సరిపోతుంది. అసలు ఇది పుట్టిందే ప్రయాణంలో, 1879లో పోర్చుగీసు మదైరా దీవి నుంచి ఓడెక్కి హవాయిలోని హొనొలులుకి కూలిపనికి వెళ్ళినవాళ్ళ చేతుల్లో ఉన్న చిన్న వాయిద్యం నుంచే ఇది తయారైంది.

కుట్టించేటప్పుడు పైన జీన్సు గుడ్డ, లోపల ఫ్లానెల్, మధ్యలో దర్జీ దగ్గర దొరికే ఫోమ్ రెండు పొరలు. జిప్పు బదులు దారాలో, బట్టన్లో పెట్టండి, లోహం ఏదీ లోపలికి రాకుండా చూడండి. పొడవు, కింది పొట్ట వెడల్పు, మందం, మూడూ కొలిచి ప్రతిదానికీ రెండు అంగుళాలు కలపండి, ఫోమ్ మింగేస్తుంది. ఇంట్లో వరకు అది ఏ కొన్న బ్యాగుకీ తీసిపోదు. బడికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం మందమైన బ్యాగులో ఆ గవిసెనతో సహా పెట్టి పంపండి. కుట్టాక ఫొటో పంపితే నాకు చూడాలని ఉంది.

ప్రశ్న: బ్యాగు జిప్పు పళ్ళు విడిపోతున్నాయి, కొత్తది కొనాలా? – ఖమ్మం

అక్కర్లేదు. స్కూలు బ్యాగులు కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళండి, చాలాసార్లు రన్నర్ అరిగి ఉంటుంది, అదొక్కటే మారుస్తాడు. మొత్తం జిప్పు మార్చాల్సి వస్తే లావు పళ్ళ ప్లాస్టిక్ జిప్పు వెయ్యమనండి, ఈలోగా వాయిద్యం ఇంట్లోనే పెట్టి ఖాళీ బ్యాగే తీసుకెళ్ళండి, మొన్న ఒకాయన లోపల యుకులేలే ఉంచేసి మిషను కింద పెట్టించాడు.